తువ్వాల పరీక్ష

మొన్న కంటి ఆసుపత్రిలో నా రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, మూసుకుని కూర్చోమన్నారు. మేడ్చల్ రోడ్డు మీద ఉందా ఆసుపత్రి. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల వరసలో నాలాంటి షుగరు మనుషులం కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా చూస్తే అక్కడేదో భజన మొదలవబోతోందనుకుంటారు. కాసేపటికి నర్సమ్మ వచ్చి నా రెప్పలెత్తి టార్చి వేసి చూసింది. "కంటిపాప ఇంకా పెద్దగ కాలేదమ్మా. షుగరున్నోళ్ళకు గింతే, జల్దీ కాదు" అని ఇంకో విడత చుక్కలు వేసి పోయింది. చివరికి డాక్టరమ్మ లోపలికి పిలిచి, కంటి వెనక పొరంతా వెలుగు పెట్టి చూసి, చిన్న చిన్న ఎర్రచుక్కలు కనబడుతున్నాయని, భయపడే పని లేదని, అయితే ఈసారి ఏడాది ఆగకుండా ముందే రావాలని చెప్పింది. భయపడే పని లేదని డాక్టర్లు చెప్పినప్పుడే నాకు భయం మొదలవుతుంది. బయటికొచ్చి ఆటో ఎక్కాను. డ్రైవరు ముందున్న అద్దంలో నా ముఖం కనబడింది. ఎండ నేరుగా ముఖాన పడుతోంది, అయినా కంటిపాపలు ముడుచుకోలేదు. గోధుమరంగంతా పోయి కళ్ళు రెండూ నల్ల గుండీల్లా ఉన్నాయి. మందు పని అయిపోగానే అవి మామూలుగా అవుతాయని తెలుసు. తెలిసినా చూపు తిప్పుకున్నాను. ఎండలో ముడుచుకోని కన్ను ఎలా ఉంటుందో ఇంతకు ముందొకసారి చూశాను. అది మా బావ కన్ను.

బావ అంటే మా అక్క మొగుడు. శామీర్‌పేట దాటాక లోపలికి పోయే ఊరు వాళ్ళది. బర్రెల దలాలీ ఆయన పని. అంగట్లో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, బర్రె మంచిచెడ్డలు చూసి, మాట చెప్పి, బేరం కుదర్చాలి. మనిషి బాగా పొడుగు, గొంతు అంతకంటే పొడుగు. మచ్చ బొల్లారంలో మా ఇంటికి వస్తే సందు మొదట్లోనే "మర్దలు పిల్లా, చాయ్ వెట్టు" అని కేకేసేవాడు. ఆ కేకకు పక్కింటివాళ్ళు కూడా నీళ్ళు పొయ్యి మీద పెట్టుకోవాల్సిందే. మా ఇంటి వెనక రేకుల కొట్టంలో ఎప్పుడూ రెండు మూడు బర్రెలుండేవి. మా ఆయన ఫ్యాక్టరీకి పోతాడు, కాలనీకి పాలు పోసేది నేను. బావ చూడని బర్రె ఒక్కటి కూడా ఆ కొట్టంలో అడుగు పెట్టలేదు. కొనేటప్పుడల్లా నన్ను కూడా అంగడికి రమ్మనేవాడు. "పాలు పిండేది నువ్వాయె. నీ మొగనికేం దెలుస్తది, ఆయనకు బర్రెకు దున్నకు ఫరక్ దెల్వదు" అని మా ఆయన ముందే అనేవాడు. మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు మరి.

బర్రెను చూడడం నాకు నేర్పింది ఆయనే. పళ్ళు వేలితో తడిమి వయసు చెప్పడం, పొట్ట కింద పాల నరం ఎలా పోతోందో చేత్తో పట్టి చూడడం, తోక మొదట్లో నొక్కి చూడడం. అన్నిటికంటే కళ్ళ దగ్గర ఎక్కువసేపు నిలబడేవాడు. "తెల్లపువ్వు వడ్డ కన్ను ఎవరైనా గుర్తువడ్తరు పిల్లా. మంచిగ నల్లగ మెరిసే కన్ను గూడ గుడ్డిదుంటది. మోసపోయేది గాడనే" అనేవాడు. దానికి ఆయన దగ్గర రెండు పరీక్షలుండేవి. ఒకటి తువ్వాల పరీక్ష. బర్రెకు ఒక పక్కన నిలబడి, భుజం మీది తువ్వాల తీసి, గాలి కూడా తగలకుండా కంటి ముందు ఒక్క ఊపు ఊపాలి. రెప్ప కొడితే చూపున్నట్టు. రెండోది నీడలోంచి ఎండలోకి నడిపించడం. బర్రె కంటిపాప మనకున్నట్టు గుండ్రంగా ఉండదు, అడ్డంగా పడుకుని ఉంటుంది. నీడలో వెడల్పుగా ఉన్నది ఎండలోకి రాగానే సన్నటి గీతలాగా ముడుచుకోవాలి. "ముడుసుకోలేదా, ఇగ ఆ కన్ను సచ్చినట్టే. అట్లని అంగట్ల నలుగురి ముందట గుడ్డిదని ఒర్రొద్దు. తాడు తీస్కపోయి అమ్మేటోని చేతుల వెట్టి, మన తొవ్వ మనం వట్టాలె" అని చెప్పేవాడు. పశువుకైనా పరువుంటుందని ఆయన లెక్క.

ఆయనకు జోడీగా ఒక సాయబు ఉండేవాడు. పక్క ఊరాయనే, కాస్త పొలం, కాస్త ఈ దలాలీ. ఒకరు కొనేవాడి తరఫున నిలబడితే ఇంకొకరు అమ్మేవాడి తరఫున నిలబడేవాళ్ళు. ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద ఇద్దరూ చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని, నొక్కి, వదిలి బేరం చేసుకుంటారు. పైన మాత్రం ముఖాలు గోడల్లా పెట్టుకుంటారు. సాయబుకు ఇంట్లో దక్కనీ, అంగట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. బేరం తెగేదాకా ఇద్దరూ జన్మ శత్రువుల్లా తిట్టుకుని, తెగాక పక్కపక్కనే కూర్చుని చాయ్ తాగేవాళ్ళు. ఆ చాయ్ తప్పదు. బేరం కుదిరాక చాయ్ వద్దన్నవాడికి ఆ బేరం మీద మనసు లేదని అర్థం. చక్కెర లేకుండా ఇమ్మంటే ఇంకా అపశకునం. తియ్యగా కుదిరిన బేరాన్ని చప్పగా చేసినవాడవుతాడు. అందుకే కాలికి తగిలిన చిన్న దెబ్బ ఎన్నాళ్ళకూ మానక, పరీక్ష చేయించి షుగరని తేల్చాక కూడా బావ చాయ్ మానలేదు. మాత్రలు అంగీ జేబులో పెట్టుకునేవాడు. చాలాసార్లు అవి జేబుతో పాటే ఉతుకుడుకు పోయేవి. "భాయ్, చాయ్ తగ్గియ్యి, నక్కో బోలా నా, వద్దంటి గద" అని సాయబు గొణిగేవాడు. "ఈ ఒక్క బేరానికే" అనేవాడు బావ. అంగట్లో ఒక్క బేరంతో పొద్దు గడవదు కదా.

మొదట ఈగలు వచ్చాయి. మా ఇంట్లో కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ ముఖం ముందు చెయ్యి ఊపుకునేవాడు. "ఈగలు పిల్లా, మీ ఇంట్ల మస్తున్నయి" అనేవాడు. బర్రెలున్న ఇల్లు, ఈగలుండవా అని నేనూ పట్టించుకోలేదు. అంగట్లో అయితే అందరూ చేతులు ఊపుకునేవాళ్ళే. తర్వాత ఒకసారి చలికాలంలో వచ్చినప్పుడు కొట్టంలో ఒక్క ఈగ లేదు. అయినా ఆయన చెయ్యి ఆడుతూనే ఉంది. ఈగలు కాదట, నల్ల పోగులట, కన్ను ఎటు తిప్పితే అటు ఈదుకుంటూ వస్తున్నాయట. ఆ మాట నాకు మంచిగా అనిపించలేదు. కాలనీలో మేం పాలు పోసే ఒకామె కంటి ఆసుపత్రిలో పనిచేసేది, ఆమెను అడిగాను. షుగరున్నవాళ్ళకు కంటి లోపల సన్నటి రక్తనాళాలు చిట్లి నెత్తురు కారితే అలా కనబడుతుందని, వెంటనే పంపమని చెప్పింది. అదే మాట బావకు చెప్పాను. నాలుగు రోజులకు పోగులు కిందికి దిగిపోయాయి, చూపు తేటగా ఉందన్నాడు. దిగిపోయాక ఇక డాక్టరెందుకన్నాడు.

అక్క కూడా ఊరుకోలేదు. చెప్పగా చెప్పగా, ఒకరోజు ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని భుజం మీది తువ్వాల తీసి ఆమె చేతికిచ్చాడు. "ఊపు" అన్నాడు. అక్క ఊపింది. ఆయన రెప్ప కొట్టాడు. "సూసినవా, కొట్టిన్నా లేదా? ఎన్ని వందల కండ్లు జూసిన్నో నాకే ఎరుక. నా కన్ను నాకు దెల్వదా" అన్నాడు. అప్పట్నుంచి ఎవరు ఆసుపత్రి మాటెత్తినా తువ్వాల చేతికిచ్చేవాడు. నేనూ ఊపాను. మా ఆయనా ఊపాడు. ప్రతిసారీ రెప్ప చక్కగా కొట్టేవాడు. మేం నవ్వేవాళ్ళం, ఆయన గెలిచేవాడు. మాట మారిపోయేది.

కానీ ఇంట్లో చిన్న చిన్న సంగతులు ఒక్కొక్కటే తోడవుతూ వచ్చాయి. కుడిపక్కన పెట్టిన చెంబును తన్నేవాడు. గుమ్మం కుడి అంచుకు భుజం కొట్టుకుని, గుమ్మాన్ని తిట్టేవాడు. చాయ్ సాసర్లో పోసుకుంటే సగం బయట పడేది. శామీర్‌పేట రోడ్డు మీద టీవీఎస్ బండి తోలుకుంటూ వస్తుంటే కుడి పక్కనుంచి లారీ రాసుకున్నంత దగ్గరగా పోయిందట. వెనక కూర్చున్న సాయబు అరిస్తే తప్ప ఈయనకు లారీ ఉన్నట్టే తెలియలేదు. "చప్పుడు చెయ్యకుండ వచ్చె" అన్నాడట లారీని. ఆ రోజు నుంచి సాయబు బండి తాళం తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆ తర్వాత తలనొప్పి పట్టుకుంది. కుడి కణత మీద సుత్తితో కొట్టినట్టుండేదట. తువ్వాల నుదుటికి బిగించి కట్టుకుని పడుకునేవాడు, ఒక్కోసారి వాంతి కూడా అయ్యేది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించేది అక్క. ఒక మధ్యాహ్నం ఆయన పడుకుని లేచాక అక్క నన్ను పక్కకు పిలిచి, "మీ బావది ఒక కన్ను పెద్దగ అయినట్టు లేదానే? నడుమ నలుపు ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ కానొస్తాంది" అంది. బావ చెవులు మాత్రం పాము చెవులు. "ఈ వయసుల గూడ నా కండ్లల్లకే జూస్తున్నవానే" అని అక్కడ్నుంచే అన్నాడు. అక్క సిగ్గుపడి లోపలికి పోయింది. నేను ఆయన ముఖంలోకి చూడబోతే గదిలో వెలుతురు చాలలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో మా బర్రె ఒకటి వట్టిపోయింది. ఇంకోటి కొందామని బావతో అంగడికి పోయాను. నిజం చెప్పాలంటే బర్రె వంక పెట్టుకుని పోయాను. బేరం అయ్యాక అక్కడ్నుంచి అటే ఆటో ఎక్కించి మేడ్చల్ ఆసుపత్రికి తీసుకుపోదామని అక్కా నేనూ అనుకున్నాం. ఆ రోజు సాయబు అమ్మేవాడి తరఫున ఉన్నాడు. వేపచెట్టు కింద కట్టేసిన ఒక బర్రె నాకు నచ్చింది. బావ పళ్ళు తడిమాడు, పొదుగు చూశాడు, నడుం నొక్కాడు. చేతులు ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. తర్వాత ఒక పక్కన నిలబడి తువ్వాల ఊపి, "మస్తుగుంది పిల్లా, కండ్లు సుత మంచిగున్నయి" అన్నాడు. నేను రెండో పక్కకు వెళ్ళి చూశాను. ఆ కంట్లో జొన్నగింజంత తెల్లపువ్వు ఉంది. ఎవరైనా గుర్తుపడతారని ఆయన చెప్పిన తెల్లపువ్వు. బావ అటు కూడా వచ్చాడు, దాని ముఖానికి ముఖం పెట్టి చూశాడు, తల ఊపి వచ్చేశాడు. బేరం కోసం ఆడుతున్న నాటకమేమో అని కాసేపు నాకు నేనే చెప్పుకున్నాను. అప్పటికే ఇద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టారు.

సాయబు ముఖం గోడలా లేదు. ఆయన అమ్మేవాడి మనిషి, నోరు మూసుకుంటే ఆ బర్రె మా కొట్టానికి వచ్చేదే. కానీ ఆయన తువ్వాల కిందినుంచి చెయ్యి బయటికి తీసి బావ మణికట్టు పట్టుకున్నాడు.

"ఏంది భాయ్, బేరం నడుమ ఇడిశిపెడితివి?" అన్నాడు బావ.

"జర ఇటు ఎండలకు రా."

"ఎందుకు?"

"రా అన్న గద."

వేపచెట్టు నీడలోంచి బావను మెల్లగా నడిపించుకుంటూ ఎండలోకి తీసుకొచ్చాడు. గడ్డం కింద చెయ్యి పెట్టి ముఖం పైకెత్తాడు. నేను వెనకే పోయి పక్కన నిలబడ్డాను. ఎడమ కంటిపాప చూస్తుండగానే నువ్వుగింజంత అయిపోయింది. కుడిది కదల్లేదు. అంత ఎండలోనూ వెడల్పుగా, అలాగే తెరుచుకుని ఉంది. దాని చుట్టూ సన్నటి ఎర్రపోగులు అల్లుకుని ఉన్నాయి. ముడుచుకోని కన్నుకు అర్థమేంటో నాకు నేర్పిన మనిషి నా ఎదురుగా ముఖం ఎత్తి నిలబడి ఉన్నాడు.

సాయబు ఒక అరచేయి తీసి బావ ఎడమ కన్ను మీద పెట్టాడు. రెండో చేత్తో ఆయన భుజం మీది తువ్వాల తీశాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ మేం చేసిందేమిటో. బర్రెకు కళ్ళు ఇటొకటి అటొకటి ఉంటాయి. ఒక పక్కన నిలబడి ఊపితే ఆ ఒక్క కన్నే చూస్తుంది. మనిషికి రెండూ ముందే ఉంటాయి. మేం ఊపిన ప్రతిసారీ ఆయన ఎడమ కన్ను చూసి రెండు రెప్పలూ కొట్టింది. చూపు తగ్గుతూ ఉన్నా ఆ ఎడమ కన్నే రెండింటికీ సాక్ష్యం చెప్పింది. సాయబు తువ్వాల ఊపాడు. రెప్ప కదల్లేదు. ఇంకా దగ్గరగా ఊపాడు. కదల్లేదు.

బావ నవ్వుతూనే ఉన్నాడు. సాయబు అరచేయి రెండు కళ్ళనూ మూసిందనుకున్నాడేమో. "ఊపు భాయ్, ఎంతసేపు నిలవెడ్తవు? ఊపి సూడు" అన్నాడు.

సాయబు తువ్వాల మళ్ళీ ఆయన భుజం మీద వేశాడు. చుట్టూ జనం మూగారు. వాళ్ళంతా అంగడి మనుషులు, చూసింది ఏమిటో వాళ్ళకు తెలుసు. ఎవరూ మాట్లాడకపోవడం వల్లే బావకు అనుమానం వచ్చినట్టుంది. బావ సాయబు చేతిని పక్కకు తీసేసి, తన చెయ్యే ఎడమ కన్ను మీద పెట్టుకుని, ముఖం ఎండవైపు తిప్పాడు. అలా చాలాసేపు నిలబడ్డాడు.

"పిల్లా, ఈడనే ఉన్నవా?" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"ఈడనే ఉన్న బావా."

"సాయబు తువ్వాల ఊపిండా?"

"ఊపిండు."

ఆయన ఉన్నచోటే కింద కూర్చున్నాడు. సాయబు వెళ్ళి, బర్రె తాడు విప్పి, అమ్మేవాడి చేతిలో పెట్టి వచ్చాడు. ఆ తర్వాత ముగ్గురం ఆటో ఎక్కాం. అక్క ఇంకో ఆటోలో నేరుగా ఆసుపత్రికి వచ్చింది. దారిలో బావ ఒక్కసారి మాత్రం నోరు తెరిచి, ఆ బర్రెకు కన్ను బాగుందా అని నన్నడిగాడు. తెల్లపువ్వుందని చెప్పాను. అబద్ధం చెప్పి ఉండొచ్చు, కానీ ఆయన ముందు బర్రె విషయంలో అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

డాక్టరు చాలాసేపు చూశాడు. షుగరు వల్ల కుడి కంట్లో కొత్తగా పనికిరాని రక్తనాళాలు మొలిచాయని, అవి కంట్లో నీరు పోయే దారి మూసేయడంతో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందని, తలనొప్పి అదేనని, కంటిపాప బిగుసుకుపోయిందీ అందుకేనని చెప్పాడు. ఇక ఆ కంటికి నొప్పి తగ్గడానికి మందే తప్ప చూపు లేదన్నాడు. ఎడమ కంట్లోనూ అవి మొదలయ్యాయి, ఇంకొన్నాళ్ళు ఆగితే ఇదీ అంతే అన్నాడు. అక్క ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని, "ఆ ఒక్కటన్న నిలవెట్టుండ్రి సారూ" అంది. లేజరు పెట్టారు, సూదులు వేశారు, పిలిచినప్పుడల్లా పోయాం. తియ్యటి చాయ్ పోయింది. అపశకునమైనా చప్పటి చాయే అని అంగట్లో అందరికీ సాయబే చెప్పేవాడు. ఎడమ కన్ను నిలబడింది. పూర్తిగా కాదు. పొద్దు గూకితే మనుషులు నీడల్లా కనబడతారట. ఇప్పటికీ ఆయన అంగడికి పోతాడు. పళ్ళు, పొదుగు ఆయన చూస్తాడు, కళ్ళు సాయబు చూస్తాడు. పొద్దున లేవగానే ఆయన చేసే మొదటి పని గోడ మీది క్యాలెండరు వైపు చూడడం. అంకెల మీద నల్లపోగులు లేకపోతే లేచి ముఖం కడుక్కుంటాడు. ఆయన లేచేదాకా అక్క వంటింట్లో గిన్నె చప్పుడు కూడా చెయ్యదు.

ఆ మొదటి రోజు డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, కుడి కన్ను ఎప్పటినుంచి కనబడడం లేదని అడిగాడు. అక్క చలికాలమంది. సాయబు లారీ వచ్చిన రోజన్నాడు. నేను ఈగలు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుచేసుకోబోయాను. బావ మా ముగ్గురి మాటలూ విని, "నాకు దెల్వదు సార్. అది వోయిన్నాడు గూడ నేను జూస్తనే ఉంటి" అన్నాడు. డాక్టరు రాయడం ఆపేశాడు. ఆ మాట తర్వాత నేను ఎన్నోసార్లు వెనక్కి వెతికాను. ఆయన మా ఇంట్లో నవ్విన రోజుల్లో, తువ్వాల ఊపించుకుని గెలిచిన రోజుల్లో, మేమంతా చుట్టూ కూర్చున్న ఏదో ఒక మామూలు రోజున ఆ కన్ను ఆరిపోయింది. అది ఏ రోజో మాలో ఒక్కరికీ తెలియదు, ఎందుకంటే మిగతా రోజుల్లాగే ఆ రోజు కూడా పొద్దు పొడిచింది, పొద్దు గూకింది.